కువైట్ తరఫున ఏసీ గ్యాస్ కబుర్లు

అమ్మడూ, మీ బడిలో జరిగే మోడల్ యునైటెడ్ నేషన్స్‌లో నీ స్నేహితురాళ్ళకి అమెరికా, ఫ్రాన్సు వచ్చి, నీకు మాత్రం కువైట్ వచ్చిందని మూతి ముడుచుకున్నావట. మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చర్చించాల్సిందేమో ఏసీల్లో, ఫ్రిజ్‌ల్లో వాడే గ్యాసులూ వాతావరణమూనట. ఓసి పిచ్చిదానా, ఆ విషయానికి కువైట్‌ని మించిన దేశం దొరుకుతుందా? అమెరికా వచ్చినవాళ్ళు అందరూ రాసిందే రాస్తారు. నీ చేతిలో 53.9 డిగ్రీలున్నాయి.

అదేమిటంటావా? 2016 జులై 21న కువైట్‌లో మిత్రిబా అనే చోట నమోదైన వేడి. ప్రపంచ వాతావరణ సంస్థ వాళ్ళు తీరిగ్గా పరిశీలించి మరీ ఒప్పుకున్న అంకె అది. మన రెంటచింతలలో 47 డిగ్రీలంటేనే పేపర్లో మొదటి పేజీకెక్కుతుంది. రాయచోటి, రాజంపేట వైపు నుంచి కువైట్ వెళ్ళిన మనవాళ్ళను అడిగితే ఆ ఎండ సంగతి కథలుకథలుగా చెప్తారు. అక్కడ జూన్ నుంచి ఆగస్టు దాకా పొద్దున 11 నుంచి సాయంత్రం 4 వరకు ఆరుబయట పని చేయించకూడదని నిబంధనే ఉంది. ఆ వేడి నమోదై మూడు నెలలు తిరక్కుండానే, అక్టోబరు 15న రువాండా రాజధాని కిగాలిలో ప్రపంచ దేశాలన్నీ కూర్చుని ఏసీ గ్యాసుల మీద ఒప్పందానికొచ్చాయి. నీ కమిటీలో జరగబోయేది దాని నకలే.

ముందు గ్యాసుల కథ రెండు ముక్కల్లో చెప్తాను. పాత ఫ్రిజ్‌లలో సీఎఫ్‌సీలు ఉండేవి. మండవు, విషం కాదు, చవక. అవి పైకెళ్ళి ఓజోన్ పొరను తింటాయని 1974లో మొలీనా, రోలండ్ అనే ఇద్దరు లెక్కగట్టి చెప్పారు. 1985లో అంటార్కిటికా మీద ఓజోన్‌కి చిల్లు పడ్డట్టు బ్రిటిష్ వాళ్ళు కొలిచి చూపించారు. 1987 సెప్టెంబరు 16న మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. సీఎఫ్‌సీలు పోయి, నష్టం తక్కువ చేసే హెచ్‌సీఎఫ్‌సీలు వచ్చాయి. మన ఏసీ మెకానిక్‌లు ఆర్-22 అనేది వాటిలో ఒకటి. తర్వాత అసలు క్లోరినే లేని హెచ్‌ఎఫ్‌సీలు వచ్చాయి. ఓజోన్ గండం గడిచింది. కానీ ఈ హెచ్‌ఎఫ్‌సీలు భూమి వేడిని బయటికి పోనివ్వవు. ఏసీల్లో పోసే ఆర్-410ఏ ఒక కిలో గాల్లోకి వదిలితే, నూరేళ్ళ లెక్కన, రెండు వేల కిలోల పైచిలుకు కార్బన్ డయాక్సైడ్ వదిలినంత.

ఇప్పుడు నేను చెప్పిందంతా నీ దేశం వైఖరి చెప్పే పొజిషన్ పేపర్లో మొదటి పేరా చేసేవు సుమా! పిల్లలు చేసే పనే అది. పేజీన్నర కాగితంలో పేజీ చరిత్రకే పోతుంది. ఓజోన్ చరిత్ర కమిటీ నడిపే చైర్‌కి తెలుసు, పక్కవాడికీ తెలుసు. తెలియందల్లా నీ దేశం ఎక్కడ నిలబడిందన్నదే. చరిత్రకి నాలుగు వాక్యాలు చాలు. మిగతాదంతా కువైట్ మాట్లాడాలి. అదీ "నేను" అని కాదు, "కువైట్ భావిస్తోంది" అని.

కువైట్ ఏం భావిస్తోంది? "పర్యావరణ పరిరక్షణకు కువైట్ కట్టుబడి ఉంది" అని రాస్తావు, నాకు తెలుసు. ఆ వాక్యంలో కువైట్ తీసేసి నార్వే పెట్టు. ఏమైనా మారిందా? మారకపోతే ఆ వాక్యం కొట్టెయ్. దేశం పేరు మార్చగానే అబద్ధమైపోయే వాక్యాలు వెతుక్కో. అలాంటిదొకటి నీకు భౌతికశాస్త్రమే ఇస్తుంది, చూడు.

ఏసీ చల్లదనాన్ని పుట్టించదు. గదిలోని వేడిని గ్యాస్‌తో మోసుకెళ్ళి అవుట్‌డోర్ యూనిట్ దగ్గర బయటికి వదిలేస్తుంది. వేడి ఎప్పుడూ ఎక్కువ ఉన్నచోటి నుంచి తక్కువ ఉన్నచోటికే పోతుంది కాబట్టి, ఆ యూనిట్ గొట్టాల్లోని గ్యాస్ బయటి గాలికంటే పది పదిహేను డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉండాలి. కంప్రెసర్ దాన్ని నొక్కి అంత వేడెక్కిస్తుంది. వేడి వదిలాక గ్యాస్ మళ్ళీ ద్రవం కావాలి. బయట 35 ఉంటే గొట్టంలో 45, 50 చాలు, హాయిగా నడుస్తుంది. బయట 54 ఉంటే? గొట్టంలో 65, 70 కావాలి. ఇక్కడే ఉంది తిరకాసు. ప్రతి గ్యాస్‌కీ ఒక హద్దుంటుంది, ఆ వేడి దాటితే ఎంత నొక్కినా అది ద్రవం కాదు. ఆర్-22కి ఆ హద్దు 96 డిగ్రీలు. ఆర్-410ఏకి 71 డిగ్రీల చిల్లర మాత్రమే! ఓజోన్‌కి మంచిదని తెచ్చుకున్న గ్యాస్ ఎడారి ఎండలో హద్దు అంచుదాకా వచ్చేస్తుందన్నమాట. కరెంటు ఎక్కువ తాగుతుంది, చల్లదనం తగ్గుతుంది, ఒక్కోసారి కంప్రెసర్ ట్రిప్పయి కూర్చుంటుంది. ప్రొపేన్ వాడొచ్చు కదా అంటారు. దాని హద్దు 96 దాటే ఉంటుంది, భూమిని వేడెక్కించడం కూడా నామమాత్రమే. కానీ అది అంటుకునే గ్యాస్, మన వంటింటి సిలిండర్‌లోని సరుకుకి చుట్టమే. పెద్ద భవనాల ఏసీల్లో కిలోలకి కిలోలు నింపాలంటే జంకుతారు.

ఇది రాయి. నార్వే పేరు పెడితే నవ్వులాటే.

కిగాలిలో ఈ వాదనకి విలువ దక్కింది కూడా. వరసగా ఐదేళ్ళపాటు, ఏడాదికి సగటున కనీసం రెండు నెలలు 35 డిగ్రీలు మించే వేడి ఉండే దేశాలకి కొన్ని రకాల ఏసీల విషయంలో మినహాయింపు ఇచ్చారు. ఆ జాబితాలో 34 దేశాలున్నాయి, కువైట్ ఉంది. గడువుల్లోనూ తేడా పెట్టారు. ధనిక దేశాలు 2019లోనే హెచ్‌ఎఫ్‌సీల వాడకం తగ్గించడం మొదలుపెట్టాలి. చైనా, మరెన్నో దేశాలు 2024 నుంచి పెంచకుండా ఆపాలి. ఇండియా, పాకిస్తాన్, ఇరాన్, ఇరాక్, గల్ఫ్ దేశాలు 2028లో ఆపి, 2047 నాటికి 85 శాతం తగ్గిస్తే చాలు.

దీంట్లో పైకి కనబడని మెలిక ఒకటుంది. 85 శాతం అంటే దేనిలో? అదే బేస్‌లైన్. మన జట్టుకి 2024, 25, 26 సంవత్సరాల సగటు వాడకాన్ని లెక్కకి తీసుకుని, దానికి పాత హెచ్‌సీఎఫ్‌సీ బేస్‌లైన్‌లో 65 శాతం కలుపుతారు. ఏసీలు ఏటేటా పెరుగుతున్న దేశానికి లెక్క వేసే ఏళ్ళు ఆలస్యమయ్యేకొద్దీ ఆ సగటు పెరుగుతుంది, తగ్గించాల్సిన బాధ తగ్గుతుంది. అంతర్జాతీయ బేరాల్లో సగం కొట్లాట ఇలాంటి ఏడాది అంకెల మీదే. ఉపన్యాసాల్లో ఆ ఊసే ఉండదు. నీ కమిటీలో ఎవరైనా "50 శాతం తగ్గిద్దాం" అని లేస్తే, "ఏ ఏడాదిలో 50 శాతం?" అని అడుగు. కోటు, టై వేసుకొచ్చిన పెద్ద డెలిగేట్లు కూడా నీళ్ళు నములుతారు.

ఇక తీర్మానం. డ్రాఫ్ట్ రిజల్యూషన్ మన పెళ్ళి శుభలేఖ లాంటిది. ఎన్ని పేర్లున్నా, ఎన్ని వివరాలున్నా సాగదీసిన ఒక్కటే వాక్యం. పైన ఉపోద్ఘాతపు క్లాజులు "గుర్తుచేసుకుంటూ", "ఆందోళన చెందుతూ" అని కామాలతో నడుస్తాయి. కింద అంకెలేసిన ఆపరేటివ్ క్లాజులు సెమికోలన్లతో సాగుతాయి. ఫుల్‌స్టాప్ చిట్టచివర ఒక్కటే. నమూనా కావాలంటే ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ 1994 డిసెంబరు 19న చేసిన 49/114 తీర్మానం చూడు. సెప్టెంబరు 16ని ఓజోన్ దినంగా ప్రకటించింది అదే. అందులో క్రియలు గమనించు. రోజును సభ "ప్రకటిస్తుంది", ఎందుకంటే అది తన చేతిలో పని. ఆ రోజు కార్యక్రమాలు చేయమని దేశాల్ని "ఆహ్వానిస్తుంది", ఎందుకంటే ఆజ్ఞాపించే అధికారం దానికి లేదు. మీవాళ్ళు మాత్రం ఉత్సాహం కొద్దీ పర్యావరణ కమిటీలో కూర్చుని ఫ్యాక్టరీలు మూయిస్తారు, ఆంక్షలు విధిస్తారు. ఆంక్షలు భద్రతామండలి సొత్తమ్మా.

ఉపోద్ఘాతానికి ఎక్కువ చెమటోడ్చకు, అసలు రాత ఆపరేటివ్ క్లాజుల్లో ఉంటుంది. "వేడి దేశాలకు సాంకేతిక సహాయం అందించాలని కోరుతుంది" అని నువ్వు రాశావనుకో. ఎవరు అందించాలి? ఏమిటి? ఎప్పటికి? డబ్బెవరిది? జవాబు లేకపోతే అది మంచి కోరిక మాత్రమే. తిరగరాద్దాం: "53 డిగ్రీల దాకా వేడి ఉండే చోట్ల, భూమిని తక్కువ వేడెక్కించే గ్యాసులతో ఏసీలను పరీక్షించి, ఫలితాలను 2027 లోగా సభ్య దేశాల ముందుంచే కార్యక్రమానికి నిధులివ్వడాన్ని పరిశీలించాలని బహుపక్ష నిధి కార్యనిర్వాహక కమిటీని కోరుతుంది". ఆ నిధి నేను కల్పించింది కాదు. 1990లో మాంట్రియల్ ఒప్పందం దేశాల లండన్ సమావేశంలో పుట్టింది. డబ్బు ధనిక దేశాలది. కమిటీలో ధనిక దేశాలు ఏడు, వర్ధమాన దేశాలు ఏడు. గల్ఫ్ ఎండలకి తట్టుకునే గ్యాసుల మీద ఆ నిధితోనే ప్రహా పేరున ఒక ప్రాజెక్టు కూడా నడిచింది. ఉన్న సంస్థకి పని అప్పజెప్పడం తెలివైన పని. పిల్లలు ప్రతి తీర్మానంలోనూ కొత్త సంస్థ పెట్టేస్తారు, దానికి జీతాలెవరిస్తారో రాయరు.

కాగితం సిద్ధమయ్యాక సంతకాలు కావాలి కదా. స్పాన్సర్ అంటే నీతో కలిసి రాసినవాడు, సిగ్నటరీ అంటే "చర్చకి రానివ్వండి" అన్నవాడు, ఓటేస్తానని కాదు. ముందు సౌదీ, ఇరాక్, పాకిస్తాన్‌ల దగ్గరికి వెళ్ళు. వాళ్ళు గడువు జట్టులోనూ ఉన్నారు, 34 దేశాల జాబితాలోనూ ఉన్నారు. ఆ జాబితాలో సెనెగల్, మాలి, నైజీరియా లాంటి ఆఫ్రికా దేశాలు బోలెడు, వాళ్ళని వదలకు. ఇండియా దగ్గర మాత్రం జాగ్రత్త. గడువు విషయంలో మనది నీ జట్టే, కానీ 34లో ఇండియా పేరు లేదు. వేడి మినహాయింపు క్లాజు చూపిస్తే "నాకేం ఒరుగుతుంది?" అంటుంది ఇండియా వచ్చిన అమ్మాయి. ఆమెకి పరీక్షల క్లాజూ, డబ్బు క్లాజూ ముందు చూపించు.