డిట్రాయిట్ కూరతోటలు

పట్టణమనఁగా సౌధములును, కర్మాగారములును, రాజమార్గములును మాత్రమేనా? అమెరికాలోని డిట్రాయిట్ నగరచరిత్ర మఱియొక సమాధానము చెప్పుచున్నది.

1893 నాటి ఆర్థికసంక్షోభమున పనివారు జీవనోపాధి గోల్పోఁగా, మేయరు హేజెన్ పింగ్రీ 1894లో ఖాళీస్థలములను వారికిచ్చి బంగాళాదుంపలు పండింపఁజేసెను. పరిహసించినవారికి పంటయే ప్రత్యుత్తరమైనది.

మోటారుకార్ల పరిశ్రమతో వర్ధిల్లిన యా నగరమున 1950లో 18 లక్షలకు మించిన జనసంఖ్య, 2010 నాటికి 7 లక్షల పైచిల్లరకు దిగినది. ఇండ్లు కూలిన చోట్ల కలుపు మొలచెను. ఆ కలుపును పెఱికి ఇరుగుపొరుగువారే కూరగాయలు వేసిరి. ఐనను నగరశాసనమున వారి సేద్యమునకు స్పష్టమైన గుర్తింపు లేకుండెను. 2013లో నగరసభ యా లోపమును దీర్చినది. ఎకరమునకు మించని తోటలకు నివాసప్రాంతములయందు చోటిచ్చి, పెద్ద పొలములకు ప్రత్యేకానుమతిని విధించినది.

ఇది మాకు హర్షదాయకము. ప్రజల చేతులు ముందు నాటినదానిని శాసనము వెనుక వచ్చి గుర్తించినది. కాని సేద్యమునకు అనుమతి వేఱు, భూమిపై హక్కు వేఱు. పాతయిండ్ల రంగులలోని సీసము మట్టిలోఁ గలసియుండును. దానిని పరీక్షించి, మంచి మట్టి తెచ్చి పోసి, యేండ్లతరబడి యెరువు వేసినఁగాని నేల బాగుపడదు. అట్లు బాగుచేసినవానికి ఆ నేల తనది కానిచో, స్థలముల ధర పెరిగిననాఁడు వానిని వెడలఁగొట్టుట యెంతపని? దీర్ఘకాలపు కౌలైనను లేని పేదకు కాగితముపై యనుమతి యేపాటి యాసరా? అనుమతి నిచ్చిన నగరపాలకులు ఇఁక నాలోచింపవలసినది యిదియే.