బంతి వాగు దాటుతుందా?

బిళ్లంగోడు ఆడినవాళ్లకు దూరం కొలవడం కొత్త సంగతేమీ కాదు. గోడుతో బిళ్లను గాలిలోకి లేపి కొడతాం. అది ఎక్కడో పడుతుంది. తరవాత ఆ గోడునే కొలబద్దగా చేసుకుని ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకుంటూ వెళతాం. లెక్కలో తేడా వస్తే పోట్లాటే! కాని ఈ కొలత అంతా కొట్టిన తరవాత జరిగేది. కొట్టబోయే ముందు "అక్కడికి సరిగ్గా ఎంత దూరం?" అని ఎవరూ అడగరు. బిళ్ల ఎంత దూరం పోతే అంత మంచిది కనక.

గోల్ఫ్ ఆటలో వ్యవహారం తలకిందులు. అక్కడ బంతి ఎక్కువ దూరం పోయినా తప్పే, తక్కువ దూరం పోయినా తప్పే. కొట్టకముందే దూరం తెలియాలి. ఇటీవల ఆ దూరం చెప్పే పని ఆటగాడి చేతి గడియారం చేస్తోంది. కర్రతో బంతిని కొట్టే ఆటలో గడియారానికేం పని అని మొదట నేనూ అనుకున్నాను. నిజానికి అది చేసేది గడియారం పనే. కాలాన్ని కొలుస్తుంది. అంతే!

ముందు ఆట సంగతి కొంచెం తెలుసుకుందాం. స్కాట్లండులో సముద్రం ఒడ్డున సెంట్ ఆండ్రూస్ అనే ఊరుంది. అక్కడి 'ఓల్డ్ కోర్స్' ప్రపంచంలోని అతి పాత గోల్ఫ్ మైదానాలలో ఒకటి. 1764లో ఆ మైదానాన్ని 18 గుంటలకు సర్దారు. ఈనాడు ప్రపంచమంతటా గోల్ఫ్ ఆటకు 18 గుంటలు ఉండటానికి అదే మూలం. ఒక్కొక్క గుంట వ్యాసం 108 మిల్లీమీటర్లు. అంటే మీ జానెడులో సగానికి కాస్త ఎక్కువ. బంతి బరువు 46 గ్రాములకు మించకూడదు. ఎవరు తక్కువ దెబ్బలతో బంతిని గుంటలో వేస్తే వారిది గెలుపు.

ఓల్డ్ కోర్స్‌లో మొదటి గుంట మొదలయ్యే చోటు నుంచి సుమారు 344 మీటర్ల దూరంలో ఉంది. నేల చదునుగా, విశాలంగా ఉంటుంది. చూడటానికి చాలా తేలిక. కాని గుంట చుట్టూ నున్నగా కత్తిరించిన పచ్చిక ఉంటుందే, దాన్ని 'గ్రీన్' అంటారు, సరిగ్గా దాని ముందే ఒక చిన్న వాగు మెలికలు తిరుగుతూ పోతుంది. దాని పేరు స్విల్కన్. వెడల్పు చూస్తే నవ్వొస్తుంది. కాని బంతి అందులో పడిందా, ఒక దెబ్బ జరిమానా!

మొదటి దెబ్బతో బంతిని మైదానం మధ్యకు చేర్చాడనుకోండి. ఇప్పుడు రెండో దెబ్బతో వాగు దాటించాలి. ఆటగాడి సంచిలో 14 కర్రల దాకా ఉండవచ్చు. వీటిని క్లబ్బులంటారు. 'ఐరన్' అనే రకం కర్రలకు నంబర్లుంటాయి. నంబరు పెరిగినకొద్దీ కర్ర తల ఎక్కువగా వెనక్కి వాలి ఉంటుంది, కర్ర పొడవు తగ్గుతుంది. అందుచేత బంతి పైకి ఎక్కువగా లేస్తుంది, ముందుకు తక్కువగా పోతుంది. ఒక నంబరుకీ దాని పక్క నంబరుకీ తేడా మామూలుగా పది మీటర్లు. కనక పది మీటర్ల మేర దూరాన్ని తప్పుగా అంచనా వేస్తే తప్పు కర్ర చేతికి వస్తుంది. తప్పు కర్రతో ఎంత చక్కగా కొట్టినా ఏం లాభం?

పూర్వం ఈ దూరాన్ని కంటితోనే అంచనా వేసేవారు. సంచి మోసే సహాయకుణ్ణి 'కాడీ' అంటారు. ఆ మైదానంలోనే తలపండిన కాడీ అయితే "అయ్యా, ఏడో నంబరు తీయండి" అని చెప్పేవాడు. 1961లో అమెరికా ఆటగాడు జాక్ నిక్లాస్, స్నేహితుడి సలహా మీద, మైదానంలో గుర్తుపెట్టుకోదగ్గ చెట్ల నుంచీ ఇసుక గుంటల నుంచీ అడుగులు వేసి దూరాలు కొలిచి, కాగితం మీద రాసుకోవడం మొదలుపెట్టాడు. ఆ తరవాత ఇది అందరికీ అలవాటైంది. ఈనాటి గడియారం ఆ కాగితం పనే చేస్తుంది. కాకపోతే అడుగులు వేయదు, ఆకాశం వంక వింటుంది!

ఎలా వింటుందో చూద్దాం. మీరు పొలంలో ఉన్నారు. చుట్టూ మూడు ఊళ్లున్నాయి. మూడు ఊళ్ల గుళ్లలోనూ ఉదయం సరిగ్గా ఆరు గంటలకు గంట కొడతారు. మీ చేతి గడియారం కూడా సరిగ్గా ఉంది. మొదటి గుడి గంట ఆరు దాటిన రెండు సెకండ్లకు మీకు వినిపించింది. ధ్వని వేగం సెకండుకు సుమారు 340 మీటర్లు. కనక ఆ గుడి మీకు 680 మీటర్ల దూరంలో ఉన్నదన్నమాట. ఊళ్ల పటం మీద ఆ గుడి కేంద్రంగా 680 మీటర్ల వ్యాసార్ధంతో ఒక వృత్తం గీయండి. మీరు ఆ వృత్తం మీద ఎక్కడో ఉన్నారు. రెండో గంట మూడు సెకండ్లకు వినిపిస్తే 1,020 మీటర్లతో మరో వృత్తం. రెండు వృత్తాలూ రెండు చోట్ల ఖండించుకుంటాయి. ఆ రెండింటిలో మీరున్నది ఏదో మూడో గుడి గంట చెబుతుంది.

మరి మీ గడియారం ఒక సెకండు ముందుంటే? మూడు దూరాలూ 340 మీటర్ల చొప్పున పెరిగిపోతాయి. మూడు వృత్తాలూ ఒక్క చోట కలవవు. కాని ఇక్కడే ఒక చమత్కారం ఉంది. మూడు వ్యాసార్ధాలనూ సమానంగా తగ్గించుకుంటూ వస్తే, ఎక్కడో ఒకచోట మూడు వృత్తాలూ చక్కగా కలుస్తాయి. దానితో మీరున్న చోటూ తెలిసింది, మీ గడియారం ఎంత ముందుందో కూడా తెలిసింది!

జి.పి.ఎస్. అనే ఏర్పాటు ఇదే. గుళ్లకు బదులు ఉపగ్రహాలు, గంటలకు బదులు రేడియో తరంగాలు. ఇది అమెరికా ఏర్పాటు. మొదటి ఉపగ్రహాన్ని 1978లో పంపారు. 1995 నాటికి 24 ఉపగ్రహాలతో వ్యవస్థ పూర్తయింది. ఇవి భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ, "నేను ఫలానా చోట ఉన్నాను, ఇప్పుడు ఇంత సమయమైంది" అని ఎడతెగకుండా చెబుతూ ఉంటాయి. గడియారం ఊరికే వింటుంది. తిరిగి ఏమీ చెప్పదు. ఉపగ్రహం మనల్ని కనిపెట్టి చూస్తున్నదని చాలామంది అనుకుంటారు. పాపం, కింద మీ గడియారం ఒకటుందని కూడా దానికి తెలియదు.

పొలంలో మీరు నేల మీదే ఉన్నారు కనక మూడు గంటలు చాలాయి. ఇక్కడ ఎత్తు కూడా తెలియాలి. కనక తెలియని రాశులు నాలుగు: మూడు స్థానానికి, ఒకటి గడియారం తప్పుకు. నాలుగు తెలియని రాశులకు నాలుగు సమీకరణాలు కావాలి. మీ లెక్కల మాస్టారిని అడిగినా అదే చెబుతారు. అందుకని కనీసం నాలుగు ఉపగ్రహాలు వినిపించాలి.

రేడియో తరంగం కాంతితో సమానంగా, సెకండుకు సుమారు మూడు లక్షల కిలోమీటర్ల వేగంతో ప్రయాణిస్తుంది. నడినెత్తిన ఉన్న ఉపగ్రహం నుంచి కిందికి రావడానికి సెకండులో పదిహేనో వంతు చాలు. ఈ వేగానికి సెకండులో పది లక్షలో వంతు తప్పితే 300 మీటర్లు తప్పినట్టే. వాగు మాట దేవుడెరుగు, బంతి మైదానమే దాటిపోతుంది! అందుచేతనే ఉపగ్రహాలలో పరమాణు గడియారాలుంటాయి. వాటితోనూ ఒక చిక్కుంది. ఐన్‌స్టయిన్ సాపేక్ష సిద్ధాంతం ప్రకారం అంత ఎత్తున, అంత వేగంతో తిరిగే గడియారం నేలమీది గడియారం కన్నా రోజుకు సుమారు 38 మైక్రోసెకండ్లు ముందుకు పోతుంది. దాన్ని సరిదిద్దకపోతే రోజుకు 11 కిలోమీటర్ల తప్పు పేరుకుంటుంది. అందుకని వాటి వేగాన్ని ఆ మేరకు ముందే తగ్గించి పైకి పంపుతారు.

ఇన్ని ఉన్నా 2000 సంవత్సరం దాకా ఇది గోల్ఫ్ ఆటగాడికి పనికిరాలేదు. మామూలు జనానికి అందే సంకేతాన్ని అమెరికా సైన్యం కావాలనే కొంత చెడగొట్టి పంపేది. దాంతో వంద మీటర్ల దాకా తప్పు వచ్చేది. 2000 మే నెల మొదట్లో ఆ పద్ధతిని ఆపేశారు. ఒక్క రాత్రిలో తప్పు పదోవంతుకు తగ్గింది. ఇప్పుడు రష్యా, ఐరోపా, చైనాలకు కూడా ఇటువంటి ఉపగ్రహాలున్నాయి. మన దేశానికి 'నావిక్' ఉంది. దాని మొదటి ఉపగ్రహం 2013 జూలై 1న శ్రీహరికోట నుంచే పైకి వెళ్లింది. 2023 మే నెలలో అక్కడినుంచే పంపిన ఉపగ్రహంలో మన దేశంలోనే తయారైన పరమాణు గడియారం ఉంది.

సరే, గడియారానికి తానున్న చోటు తెలిసింది. గ్రీన్ ఎక్కడుందో దానికెవరు చెప్పారు? ఎవరో ముందే చెప్పి ఉంచారు. మైదానాల పటాలు దాని జ్ఞాపకంలో ఉంటాయి. ప్రతి గ్రీన్‌కూ ముందు అంచు, మధ్య, వెనక అంచు, దారిలోని వాగులూ ఇసుక గుంటలూ ఏ అక్షాంశం, ఏ రేఖాంశం మీద ఉన్నాయో అందులో రాసి ఉంటుంది. మిగిలింది పైథాగరస్ సిద్ధాంతమే.

ఒక లెక్క చేసి చూద్దాం. అక్షాంశంలో ఒక డిగ్రీ సుమారు 111 కిలోమీటర్లు. డిగ్రీకి 60 నిమిషాలు, నిమిషానికి 60 సెకండ్లు. కనక ఒక సెకండు 31 మీటర్లు. సెంట్ ఆండ్రూస్‌లో బంతి నుంచి గ్రీన్ మధ్య భాగం అక్షాంశంలో 4 సెకండ్లు, రేఖాంశంలో 3 సెకండ్లు దూరంగా ఉందనుకోండి. అక్షాంశ దూరం 124 మీటర్లు. రేఖాంశాలు మాత్రం ధ్రువాల వైపు పోయినకొద్దీ దగ్గరవుతాయి. సుమారు 56 డిగ్రీల ఉత్తరాన ఉన్న ఆ ఊళ్లో రేఖాంశపు సెకండు 17 మీటర్లే. మూడింటికి 51. ఇక 124 వర్గం, 51 వర్గం కూడి వర్గమూలం తీస్తే 134 మీటర్లు వస్తుంది. మన హైదరాబాదులో గోల్కొండ కోట దగ్గర, నయా ఖిలాలో కూడా ఒక గోల్ఫ్ మైదానం ఉంది. అక్కడ ఇవే 4 సెకండ్లు, 3 సెకండ్లు అయితే ఎంత? రేఖాంశపు సెకండు అక్కడ 29.5 మీటర్లు. మీరే చేసి చూడండి, 152 రావాలి. ఇంట్లో పెద్దల ఫోను అడిగి తీసుకుని, మీ బడి మైదానం రెండు చివరలా నిలబడి అక్షాంశ రేఖాంశాలు రాసుకుని కూడా ఈ లెక్క చేయవచ్చు. తరవాత టేపుతో కొలవండి. అయిదారు మీటర్ల తేడా వస్తే మీ లెక్క తప్పని అనుకోకండి.

ఆ తేడా గడియారానికీ ఉంటుంది. ఆరుబయట అయిదు మీటర్ల దాకా తప్పు మామూలే. చెట్ల కిందా, ఎత్తయిన కట్టడాల పక్కనా ఇంకా ఎక్కువ. పైగా గుంటను గ్రీన్ మీద ఎప్పుడూ ఒకేచోట ఉంచరు, తరచు మారుస్తుంటారు. ఆ సంగతి గడియారానికి తెలియదు. జెండా కర్రకే గురిపెట్టి దూరం చెప్పే లేసర్ పరికరాలు వేరే ఉన్నాయి. ఇక నియమాల విషయం. 2019లో అమలులోకి వచ్చిన గోల్ఫ్ నియమాలు, ఆ పోటీలో ప్రత్యేకంగా నిషేధిస్తే తప్ప, దూరం చెప్పే పరికరాన్ని వాడనిస్తాయి. కాని నేల ఎత్తుపల్లాలు కొలిచి లెక్కగట్టకూడదు, ఏ కర్రతో కొట్టాలో చెప్పకూడదు. అంటే ఆలోచన ఆటగాడిదే.

ఆ ఆలోచనకు అసలైన సహాయం గడియారం మరో విధంగా చేస్తుంది. కొట్టిన ప్రతి దెబ్బకూ మొదలూ చివరా రాసిపెడుతుంది. ఇంటికి వెళ్లి చూసుకోవచ్చు. ఒకడు ఏడో నంబరు కర్రతో కొట్టిన పది దెబ్బలు ఇవి అనుకుందాం (అంకెలు లెక్క కోసం నేను వేసినవి): 127, 118, 138, 130, 96, 125, 133, 121, 131, 129 మీటర్లు. "ఏడో నంబరుతో ఎంత కొడతావు?" అని అడగండి. "138!" అంటాడు. అబద్ధం కాదు, ఒకసారి కొట్టాడు. మనకు గుర్తుండేది మన గొప్ప దెబ్బే. కాని పదింటి సగటు 124.8. వరసలో పేర్చి నడుమనున్న విలువ తీస్తే 128. పదింటిలో 134 దాటింది ఒక్కటే.

ఇప్పుడు మళ్లీ వాగు దగ్గరకు వద్దాం. గడియారం గ్రీన్ మధ్యకు 134 అంటోంది, వాగు అవతలి గట్టుకు 119 అంటోంది. పది దెబ్బలలో ఎనిమిది 119 దాటాయి కదా, ఫరవాలేదు అనిపిస్తుంది. ఆగండి. గడియారం కొలిచింది బంతి ఆగిన చోటును, పడిన చోటును కాదు. 125 పోయిన బంతి 117 దగ్గర నేలను తాకి, ఎనిమిది మీటర్లు దొర్లి ఉండవచ్చు. నేల మీద దొర్లితే దొర్లుతుంది గాని, నీళ్లమీద దొర్లదుగా! దొర్లినది తీసేస్తే 121, 125 రెండూ వాగులోనే. 127 గట్టుమీద పడుతుందో, నీళ్లలో పడుతుందో చెప్పలేం. పైగా ఆ 119లో కూడా అయిదు మీటర్లు అటూ ఇటూ ఉన్నాయి.

ఆరో నంబరు తీస్తే పది మీటర్లు కలిసివస్తాయి. చాలా దెబ్బలు వాగు దాటి గ్రీన్ మీద పడతాయి. 138 లాంటి గొప్ప దెబ్బ తగిలితే బంతి గ్రీన్ దాటి వెనక్కి పోవచ్చు. పోనివ్వండి, అక్కడ ఉన్నది గడ్డే. అతను ఏడో నంబరును సంచిలో పెట్టేసి, ఆరో నంబరు బయటికి లాగాడు.