పటికకు తొందర పనికిరాదు

పిల్లలతో స్ఫటికాలు పెంచించే కిట్లు ఇప్పుడు తేలిగ్గానే దొరుకుతున్నాయి. పొడి నీళ్లలో కలిపి వదిలేస్తే తెల్లారేసరికి రంగు రంగుల గుత్తి తయారవుతుందన్నదే వాటి ఆకర్షణ. ఆ డబ్బా అవసరం లేదు, కిరాణా కొట్లో దొరికే పటిక చాలు, అదీ తాపీగా చేయించాలి అని నా అభిప్రాయం. ఖర్చు కలిసొస్తుందని మాత్రమే కాదు. స్ఫటికానికి అందం వచ్చేదే నిదానంగా పెరగడం వల్ల.

ఉప్పుతో పోల్చి చూస్తే ఈ సంగతి బాగా తెలుస్తుంది. 100 గ్రాముల చన్నీళ్లలో ఉప్పు 36 గ్రాములు కరిగితే, మరిగే నీళ్లలో కరిగేది 39 గ్రాములే. అందుకే చల్లార్చి ఉప్పు రాబట్టలేం. చినగంజాం, నౌపడ ఉప్పు మడుల్లోలాగా నీరు ఎండకు ఆవిరి కావలసిందే. పటిక 20 డిగ్రీల దగ్గర 15 గ్రాములు కూడా కరగదు, బాగా కాగిన నీళ్లలో అంతకు ఎన్నో రెట్లు కరుగుతుంది. చల్లారేకొద్దీ ఆ ఎక్కువైనదంతా బయటపడక తప్పదు. ఎలా బయటపడుతుందన్నది వేగాన్ని బట్టి ఉంటుంది. ఒకే ద్రావణాన్ని రెండు స్టీలు గ్లాసుల్లో పోసి, ఒకదాన్ని చన్నీళ్ల గిన్నెలో నిలబెట్టి, రెండోదానికి మందపాటి తువ్వాలు చుట్టి ఉంచితే తేడా పిల్లలకే కనిపిస్తుంది. మొదటిదాంట్లో అన్నిచోట్లా ఒకేసారి పలుకులు పుట్టి, ఒకదాన్నొకటి అడ్డుకుని, అడుగున తెల్లటి రవ్వలా పేరుకుంటాయి. రెండోదాంట్లో కొన్నే పుడతాయి. వచ్చిన పటికంతా వాటికే చేరి, అవి పెద్దవిగా, తేటగా ఎదుగుతాయి.

అలాంటి తేట పలుకు ఒకటి ఏరి, సన్నని నైలాన్ దారానికి కట్టి, వడకట్టి పూర్తిగా చల్లార్చిన ద్రావణంలో వేలాడదీయాలి. పైన కాగితం కప్పి, ఎండ తగలని చోట పెట్టాలి. మన వేసవిలో మధ్యాహ్నపు వేడికి ద్రావణం మళ్లీ ఆకలిగొని పలుకు అంచులను కరిగించేస్తుంది. రోజులు గడిచేకొద్దీ ఎనిమిది త్రిభుజాల ముఖాలు తేలతాయి. ఒక ముఖం పెద్దదిగా, ఇంకొకటి చిన్నదిగా ఎదిగినా, పక్కపక్క ముఖాల మధ్య కోణం మాత్రం 109 డిగ్రీలకు పైచిలుకే. స్ఫటికాల్లో కోణాలు మారవని నికొలస్ స్టెనో 1669లోనే రాశాడు. ఎందుకు మారవో చూపే లోపలి అమరికకు ప్రత్యక్ష రుజువు 1912లో మాక్స్ వాన్ లావే ఎక్స్ కిరణాల ప్రయోగంతో గానీ దొరకలేదు. ఇంత లోతైన విషయం పిల్లల అరచేతిలోకి రావడం చిన్న సంగతి కాదు.

పిల్లలకు అంత ఓపిక ఎక్కడిదంటారు. నిజమే, అందుకే ఓ పక్క రాత్రికి రాత్రే ఫలితమిచ్చే పనీ పెట్టొచ్చు: కడిగి ఆరబెట్టిన కోడిగుడ్డు పెంకు లోపల జిగురు రాసి, పటిక పొడి చల్లి, ద్రావణంలో ముంచితే పొద్దుటికి మెరుపులు నిండుతాయి. దారానికి కట్టిన పలుకు దాని దారిన అది పెరుగుతూ ఉంటుంది. తెల్లగా ఉంటే అలంకారమేమిటన్నది ఇంకో అభ్యంతరం. తిండి రంగులు కలిపినా పటిక పెద్దగా పట్టించుకోదు, తన అమరికలో ఇమడని దాన్ని చాలావరకు బయటే వదిలేస్తుంది. ప్రయోగశాలల్లో పదార్థాలను శుద్ధి చేసేది కూడా ఈ గుణంతోనే. ముదురు నీలం కావాలని మైలుతుత్తం తెచ్చేవాళ్లున్నారు. రైతులు బోర్డో మిశ్రమంలో సున్నంతో కలిపేది అదే. నోట్లోకి పోతే విషం. వంటింట్లో పిల్లల చేతికి అది ఇవ్వకూడదు. సంతానోత్పత్తికి హాని చేసే పదార్థాల జాబితాలో ఐరోపా చేర్చిన బోరాక్స్ కూడా అంతే. పటికతోనైనా కాగిన నీళ్లు పెద్దలే పోయాలి, చేతులు కడిగించాలి, ఆ గ్లాసులను తాగడానికి వాడకూడదు.

పటిక స్ఫటికం బరువులో దాదాపు 45 శాతం నీరే. పొడి గాలికి ఆ నీరు మెల్లగా పోయి పైన మసకబారుతుంది కాబట్టి, ఆరాక రంగులేని నెయిల్ పాలిష్ ఒక పూత వేసి, దీపానికీ ఎండకూ దూరంగా పెట్టాలి. ఆకారం నచ్చకపోతే పూత వేయకముందే వేడినీళ్లలో కరిగించి, కొత్త పలుకుతో మళ్లీ మొదలుపెట్టొచ్చు.