మెదడు రక్తనాళాల లోపం : మనోవ్యథకూ చికిత్స అవసరం

తలనొప్పికనో, కళ్ళు తిరుగుతున్నాయనో స్కానింగ్ చేయించుకున్నప్పుడు మెదడు రక్తనాళాలలో లోపం బయటపడడం ఇటీవల తరచుగా జరుగుతున్నది. రక్తనాళపు గోడ బలహీనపడి బుడగవలె ఉబ్బితే దానిని ఎన్యూరిజం అంటారు. ధమనులు, సిరలు నడుమ కేశనాళికలు లేకుండా నేరుగా చిక్కుముడిగా కలిసిపోతే ఎ.వి.ఎం. అంటారు. ఇవి చిట్లితే మెదడులో రక్తస్రావం జరుగుతుంది. అయితే అన్నీ చిట్లవు. పెద్దవారిలో 100 మందికి సుమారు ముగ్గురిలో ఎన్యూరిజం ఉంటుందని అంచనా. వారిలో అధికులకు అది జీవితాంతం చిట్లదు.

"ఆపరేషన్ వద్దు, గమనిస్తూ ఉందాం" అని న్యూరోసర్జన్ చెప్పి పంపినవారు కొందరు, నిద్ర కరువై నా వద్దకు వస్తుంటారు. "ఇక చేసేదేమీ లేదని వదిలివేశారా?" అన్నదే వారి ప్రశ్న.

వదిలివేయడం కాదు

చిట్లని ఎ.వి.ఎం. ఉన్నవారిపై జరిగిన 'అరుబా' అనే పరిశోధన ఫలితాలు 2014లో వెలువడ్డాయి. సగటున 33 నెలల పరిశీలనలో పక్షవాతం లేదా మరణం సంభవించినది మందులతోనే సంరక్షణ పొందినవారిలో సుమారు 10 శాతం. శస్త్రచికిత్స వంటి ప్రక్రియలకు కేటాయించినవారిలో సుమారు 31 శాతం. పరిశీలన కాలం తక్కువ కనుక ఇది అందరికీ వర్తించదు. అయినా, వేచి ఉండడం కూడా ఆలోచించి తీసుకొనే వైద్య నిర్ణయమే అని దీనివల్ల స్పష్టమవుతున్నది.

భయం చేసే హాని

ఇటువంటి రోగికి ప్రతి తలనొప్పీ మృత్యు సూచనగా తోస్తుంది. బిందె ఎత్తాలన్నా, స్నానాల గది గడియ వేసుకోవాలన్నా జంకు. ఆందోళన వల్ల మెడ, తల కండరాలు బిగుసుకొని తలనొప్పి వస్తుంది. ఆ నొప్పి భయాన్ని మరింత పెంచుతుంది. నిద్ర చెడుతుంది, రక్తపోటు పెరుగుతుంది.

చరక సంహిత చికిత్సను మూడు విధాలుగా విభజించింది. వాటిలో మూడవది సత్త్వావజయం, అనగా అహితమైన విషయాల నుండి మనసును మళ్ళించడం. దీనికి తొలిమెట్టు సంశయ నివృత్తి. లోపం ఎక్కడ ఉన్నది? పరిమాణమెంత? తిరిగి స్కానింగ్ ఎప్పుడు? ఏ పనులు చేయవచ్చు? ఈ నాలుగు ప్రశ్నలు కాగితంపై వ్రాసుకొని న్యూరోసర్జన్‌ను అడగండి. రూపం తెలియని భయం కన్నా తెలిసిన ప్రమాదం తేలిక.

ఇంటిలో పాటించవలసినవి

● రాత్రి పడుకొనే ముందు అరికాళ్ళకు గోరువెచ్చని నువ్వుల నూనె మర్దన చేసుకొంటే మనసు కుదుటపడుతుంది.

● శ్వాసను నిదానంగా పీల్చి వదలండి. కుంభకం, కపాలభాతి, భస్త్రిక, శీర్షాసనం వద్దు.

● విరేచనానికి ముక్కకూడదు. నానబెట్టిన ఎండుద్రాక్ష, ఆకుకూరలు, తగినంత నీరు తీసుకోండి.

● ఊరగాయలు, అప్పడాలు తగ్గించండి. పొగాకు పూర్తిగా మానండి.

● దగ్గుకు వాడే అతిమధురం రక్తపోటును పెంచుతుంది, దీనిని వాడవద్దు.

ఏ కషాయమూ, ఏ లేహ్యమూ ఈ లోపాన్ని కరిగించదు. అట్లా చెప్పేవారిని నమ్మి రక్తపోటు మాత్రలు మానకండి.

ఇంటివారికి ఒక మాట

"పైకి బాగానే ఉన్నావు కదా" అని కొట్టిపారేయకండి. అట్లాగని మంచానికే పరిమితం చేసి, గాజుబొమ్మవలె చూడనూ వద్దు. వంటిల్లు, పూజ, పిల్లల చదువు వంటి అలవాటైన పనులే రోగికి ధైర్యాన్నిస్తాయి. రెండు వారాలకు మించి దిగులు, నిరాసక్తత ఉన్నా, జీవితంపై విరక్తి మాటలు వినిపించినా వెంటనే మానసిక వైద్యుని సంప్రదించండి. 14416 నంబరుకు ఫోన్ చేస్తే 'టెలి మానస్' వారు ఉచితంగా సలహా ఇస్తారు.

ఒక్కసారిగా మునుపెన్నడూ ఎరుగని తీవ్రమైన తలనొప్పి, వాంతి, మూర్ఛ, మాట తడబాటు, ఒక పక్క కాలుచేతుల బలహీనత కనిపిస్తే ఇంటి వైద్యంతో కాలయాపన చేయక 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. ఈ గుర్తులను ఇంటిల్లిపాదీ తెలుసుకొని ఉంటే, మిగిలిన వేళల్లో రోగి నిశ్చింతగా ఉండగలడు.