చివరి అక్షరం దగ్గర బయలుదేరే దారి

నార్వే దేశంలో ఒక ఊరుంది. దాని పేరు ‘ఓ’. అంతే! వ్రాతలోనూ ఒక్కటే అక్షరం. నార్వే వర్ణమాలలో అదే ఆఖరిది. ఆ మాటకు ఏరు అని అర్థం. ముచ్చటపడి ఊరిపేరు బల్లనే ఊడబెరుక్కుపోయే యాత్రికులూ ఉన్నారు!

ఆ ఊళ్లోనే ఇ-10 అనే రాజమార్గం మొదలు. లొఫోటెన్ దీవులలో బయలుదేరి, కొండలు దాటి, స్వీడన్‌లోకి దిగి, సముద్రపు ఒడ్డున లూలియో పట్నం చేరేసరికి సుమారు 850 కిలోమీటర్లు. అందులో చాలా భాగం ఉత్తర ధ్రువవృత్తానికి పైనే.

ఎండుచేపల వాసన ఎరిగిన మన తీరవాసులకు లొఫోటెన్ మరీ పరాయిదిగా తోచదు. శీతకాలంలో పట్టిన కాడ్ చేపలను తోకలు జతకట్టి కొయ్య పందిళ్లకు వేలాడదీస్తారు. ఉప్పు చిటికెడైనా వేయరు. కుళ్లనివ్వని చలి, ఆరబెట్టే గాలి – ఆ రెండే వారి ఉప్పు. తలకాయలు మాత్రం నైజీరియా వంటిళ్లకు ప్రయాణం కడతాయి. ఈ దీవులకు పడవ ఎక్కకుండా రోడ్డుమీదనే వచ్చే వీలు 2007లో గాని కలగలేదు.

అసలు కష్టం సరిహద్దు కొండలమీద. స్వీడన్‌లోని కిరునా ఇనుప గనులకూ నార్వేలోని నార్విక్ రేవుకూ నడుమ రైలు 1902 నాటికే పడింది. ఎందుకంటే లూలియో రేవు చలికి గడ్డకట్టేది. నార్విక్ రేవును వెచ్చని సముద్రప్రవాహం కాపాడేది. కాని రోడ్డు? 1984 దాకా లేదు! అంతవరకు ఆ కొండలలో రైలే దిక్కు.

రోడ్డు వేసినంత మాత్రాన కొండ లొంగుతుందా? మంచుతుపాను లేచినప్పుడు అడ్డగేటు పడుతుంది. కార్లూ లారీలూ బారులు తీరి నిలబడతాయి. మంచు చిమ్మే బండి వచ్చి ముందు నడిస్తే, దాని వెనుక దీపాన్నే నమ్ముకొని మిగతావి కదలాలి. నడుమ ఆగరాదు, వెనక్కు తిరగరాదు. పెట్రోలు నిండుగా ఉండాలి, ఉన్ని బట్టలు చేతికందాలి. గాలి మరీ ముదిరితే ఆ ఊరేగింపూ రద్దే. ఇక కారులో నిద్ర.

కొండ దిగితే కిరునా. అక్కడ మే చివరినుంచి జూలై నడుమ దాకా సూర్యుడు అస్తమించడు. డిసెంబరులో కొన్నాళ్లు అసలు ఉదయించడు. ఇంతకన్న వింత – ఆ ఊరే నడుస్తోంది! గని లోతుకు పోయినకొద్దీ పైన నేల కుంగుతుంటే, ఊరిని తూర్పుకు మారుస్తున్నారు. ఇ-10ను సైతం పక్కకు మళ్లించారు. 1912 నాటి కొయ్య చర్చిని 2025 ఆగస్టులో చక్రాలబండ్లమీదకెత్తి, అయిదు కిలోమీటర్లు రెండు రోజులలో నడిపించారు. బరువు సుమారు 670 టన్నులు! ఇంటిని వదులుకున్న వాళ్లు మాత్రం చర్చి నడకను పండుగ అనుకున్నారో, సాగనంపడం అనుకున్నారో!

ఆపైన అంతా అడవి. డ్రైవరుకు అక్కడ భయం మంచు కాదు, రెయిన్‌డీర్ మందలు. అడవిలో మంచు లోతెక్కువైతే, అవి నడవ సులువని రోడ్డెక్కుతాయి. ఒక్కటైనా దిక్కులేని జంతువు కాదు. ప్రతిదానికీ యజమాని ఉంటాడు, చాలావరకు సామీ జాతివాడే. కారు తగిలి చస్తే పోయేది అతని జీవనం. అందుకే మంద దగ్గరలో ఉందంటే కాపరులు రోడ్డు పక్క గుంజలకు నల్లని ప్లాస్టిక్ సంచులు కడతారు. సంచి కనబడితే తెలిసిన డ్రైవరు వేగం తగ్గిస్తాడు. తెలియని యాత్రికుడు చెత్త అనుకుంటాడు.

లూలియోతో ఇ-10 ముగుస్తుంది. చలి ముదిరిన ఏళ్లలో దారి మాత్రం అక్కడ ఆగదు. సముద్రం గడ్డకట్టగానే మంచు తుడిచి, గుర్తులు పాతి, ఎదుటి దీవులకు నీటిమీదనే రోడ్డు వేస్తారు.