గుమ్మడి గారి గుండెపోటు వేరు... అమ్మ గుండెపోటు వేరు!

తెలుగు సినిమాలో గుండెపోటు ఎలా వస్తుందో మీకు వేరే చెప్పాలా? కూతురు చెప్పాపెట్టకుండా పెళ్ళి చేసుకుని మెళ్ళో దండతో గుమ్మంలో నిలబడుతుంది. తండ్రి చెయ్యి ఛాతీ మీదికి పోతుంది. కళ్ళజోడు జారుతుంది. వయొలిన్లు ఒక్కసారి గొల్లుమంటాయి... ఆయన కుర్చీలో కూలిపోతాడు! నలుపు తెలుపు రోజుల నుంచీ ఈ సీను ఎన్నిసార్లు చూశామో లెక్కలేదు. గుమ్మడి గారైతే ఈ సీనుకి పెట్టింది పేరు.

మరి తెర మీద అమ్మకు ఏ జబ్బు వస్తుంది? దగ్గు! కుట్టుమిషను ముందు కూచుని దగ్గుతూ ఉంటుంది. గుండెపోటు మాత్రం నాన్నకే రిజర్వు! ఎప్పుడో 1989లో మణిరత్నం ‘గీతాంజలి’లో గిరిజ చేత గుండెజబ్బు ఉన్న అమ్మాయి పాత్ర వేయించారు. కాని అది పడుచుపిల్ల కథ. యాభై దాటిన అమ్మ గుండె గురించి మన సినిమా పట్టించుకున్నది తక్కువే.

సినిమాయే కదా అని కొట్టిపారెయ్యకండి. నిజజీవితంలోనూ మనం అలాగే అనుకుంటున్నాం. అక్కడే వచ్చింది చిక్కు. ప్రపంచం మొత్తం మీద ఆడవాళ్ళ మరణాల్లో దాదాపు మూడింట ఒకటి గుండె, రక్తనాళాల జబ్బుల వల్లే!

13 నిమిషాల్లో 13 స్టేషన్లు

2025 జనవరి 17 రాత్రి ఎల్.బి.నగర్‌లో ఒక విచిత్రం జరిగింది. కామినేని ఆసుపత్రి నుంచి దానం చేసిన గుండె ఒకటి పెట్టెలో మెట్రో రైలెక్కింది. చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట దాటుకుంటూ లక్డీకాపూల్‌లోని గ్లెనీగల్స్ గ్లోబల్ ఆసుపత్రికి బయల్దేరింది. 13 కిలోమీటర్లు, 13 స్టేషన్లు, 13 నిమిషాలు! ఏ క్లైమాక్సూ ఇంత బిగువుగా ఉండదు. అంత దుఃఖంలోనూ గుండెను దానం చేసిన ఆ కుటుంబానికి చేతులెత్తి నమస్కరించాలి.

అదే ఎల్.బి.నగర్‌లో, అదే దిల్‌సుఖ్‌నగర్‌లో, సొంత గుండె ఉన్న అమ్మ మాత్రం వంటింట్లోంచి డాక్టరు గది దాకా రావడానికి ఏళ్ళు పడుతోంది. పిల్లల పరీక్షలవనీ, పెద్దదాని పెళ్ళవనీ, ఇంటి లోను తీరనీ... వాయిదా మీద వాయిదా! ఆయాసం వస్తే ‘వయసు’. గుండెల్లో బరువుంటే ‘గ్యాసు’. నడుం వాలిస్తే ‘ఏదో నీరసంలే!’

విశ్వసుందరికీ తప్పలేదు

గుండెజబ్బు లావుపాటి వాళ్ళకీ, సిగరెట్లు కాల్చే వాళ్ళకీ వస్తుందిగాని సన్నగా చలాకీగా ఉండే ఆడవాళ్ళకెందుకొస్తుంది అంటారా? అయితే సుస్మితా సేన్ సంగతి వినండి. ఆమె పుట్టింది మన హైదరాబాద్‌లోనే, 1975లో. 1994లో విశ్వసుందరి అయింది. ‘రక్షకుడు’లో నాగార్జున సరసన చూసిన వాళ్ళు ఆమెను మరిచిపోయి ఉండరు. వ్యాయామం అంటే ప్రాణం పెట్టే మనిషి.

అలాంటి మనిషికి 2023లో, 47 ఏళ్ళ వయసులో గుండెపోటు వచ్చింది! ప్రధాన రక్తనాళంలో 95 శాతం అడ్డు పడిందనీ, యాంజియోప్లాస్టీ చేసి స్టెంట్ వేశారనీ ఆమే అభిమానులకు చెప్పింది. దాచుకోలేదు. మళ్ళీ మేకప్ వేసుకుని కెమెరా ముందుకొచ్చింది. అందానికి, నాజూకుతనానికి గుండె మినహాయింపు ఇవ్వదని ఆమె కథే సాక్ష్యం. వ్యాయామం దండగ అని మాత్రం అర్థం చేసుకోకండి. తను కోలుకోవడానికి ఆ అలవాటే సాయపడిందని ఆమె చెప్పింది.

జబ్బుకి సినిమా పేరు!

ఇంకో తమాషా. ఆడవాళ్ళ గుండెజబ్బును గుర్తించకపోవడానికి వైద్యులు పెట్టుకున్న పేరు ఒక సినిమాలోది! ‘యెంటిల్’ అని 1983లో బార్బ్రా స్ట్రయిసాండ్ తీసి నటించిన హాలీవుడ్ చిత్రం. దానికి మూలం ఐజక్ బషెవిస్ సింగర్ కథ. అందులో యూదుల అమ్మాయి ఒకతె చదువుకోవాలని ఆశపడుతుంది. ఆడపిల్లకు ఆ చదువు చెప్పరు. దాంతో మగవేషం కట్టి బడిలో చేరుతుంది. మన సినిమాల్లో మీసం పెట్టుకున్న కథానాయికలు మీకు కొత్త కాదుగా!

1991లో డాక్టర్ బెర్నాడిన్ హీలీ అనే అమెరికన్ గుండెవైద్యురాలు ఆ పేరుతోనే ఒక వైద్యపత్రికలో సంపాదకీయం రాసింది. దాని సారాంశం ఇదీ: ఆడమనిషి తన గుండెజబ్బు మగవాడి జబ్బులాంటిదేనని రుజువు చేసుకున్నాకే ఆమెకు మగవాడితో సమానంగా వైద్యం అందుతోంది. అంటే జబ్బు కూడా మగవేషం కట్టుకుని రావాలన్నమాట!

అమ్మ ఇలా చెబుతుంది

గుండెపోటులో ఆడా మగా ఇద్దరికీ ఛాతీలో ఇబ్బందే ముఖ్యమైన గుర్తు. కాని అది ఎప్పుడూ సినిమా పోటులా ఉండదు. బరువు పెట్టినట్టు, బిగపట్టినట్టు, మంటగా ఉండొచ్చు. ఆడవాళ్ళలో దాంతోపాటు ఇంకొన్ని ఎక్కువగా కనిపిస్తాయి. ఆయాసం, చల్లని చెమట, వాంతి వచ్చినట్టుండటం, దవడలోనో మెడలోనో రెక్కల మధ్యో నొప్పి, ఎన్నడూ లేని నీరసం. కొందరికి ఛాతీనొప్పే ఉండదు! అందుకే అమ్మ వాము నమిలి పడుకుంటుంది, మనం ఫోన్ చూసుకుంటూ కూచుంటాం.

ఇలాంటివి హఠాత్తుగా వచ్చి తగ్గకపోతే వాము, సోడా పక్కన పెట్టి 108కి ఫోన్ చెయ్యండి. ఆ సర్వీసు 2005లో మొదలైంది మన హైదరాబాద్‌లోనే. గుండెపోటులో నిమిషం నిమిషానికీ గుండె కండరం చచ్చిపోతూ ఉంటుంది.

డాక్టరు గదిలో ఏం జరుగుతుంది?

అంతదాకా రానివ్వడం ఎందుకు? ఏ ఇబ్బందీ లేనప్పుడే వెళ్ళాలి. ‘ఏమీ లేకుండా డాక్టరు దగ్గరికేమిటే?’ అంటుంది అమ్మ. ఏమీ రాకుండా ఉండటానికే అని చెప్పండి.

భయపడాల్సిందేం లేదు. బీపీ చూస్తారు. అది 120/80కి అటూ ఇటూ ఉండాలి. పదేపదే 140/90 దాటుతుంటే మందు మాట ఆలోచిస్తారు. షుగరు, కొలెస్ట్రాల్ పరీక్షలకు రక్తం ఇవ్వాలి. నడుం చుట్టుకొలత చూస్తారు. మన ఆడవాళ్ళకు 80 సెంటీమీటర్లు దాటకూడదని లెక్క. నాన్నకో అన్నదమ్ములకో 55 లోపు, అమ్మకో అక్కచెల్లెళ్ళకో 65 లోపు గుండెజబ్బు వచ్చిందా అని అడుగుతారు. ఈ మొదటి పరీక్షలు మామూలు ఫిజీషియన్ దగ్గరే అయిపోతాయి. తేడా ఉంటే గుండె డాక్టరు. ఆయన అవసరాన్ని బట్టి ఈసీజీ, ఎకో, ట్రెడ్‌మిల్ పరీక్ష చేయిస్తారు. ఒక్క ఈసీజీ బాగున్నంత మాత్రాన అంతా బాగున్నట్టు కాదు. ఇబ్బంది తగ్గకపోతే మళ్ళీ అడగాలి.

ఆడవాళ్ళు తప్పకుండా చెప్పాల్సినవి కొన్నున్నాయి. కడుపుతో ఉన్నప్పుడు బీపీ గాని షుగరు గాని వచ్చిందా? నెలసరి 40 ఏళ్ళలోపే ఆగిపోయిందా? ‘కాన్పు అయిపోయి పాతికేళ్ళయింది, ఇప్పుడెందుకు’ అనుకోవద్దు. ఆ పాత సంగతులు ముందు ముందు గుండెకు రాబోయే ముప్పుకి సూచనలు. నెలసరి ఆగాక ఆ ముప్పు ఇంకా పెరుగుతుంది. షుగరు ఉంటే మగవాళ్ళకన్నా ఆడవాళ్ళ గుండెకే ఎక్కువ చేటు.

నలభై ఏళ్ళ బోనస్!

జబ్బని తెలిస్తే బతుకు అయిపోయినట్టేనా? అబ్బే! అక్కినేని గారినే చూడండి. 1974లో అమెరికా వెళ్ళి గుండె ఆపరేషన్ చేయించుకొచ్చారు. ఆ తర్వాతే ‘ప్రేమాభిషేకం’ (1981), ఆ తర్వాతే ‘సీతారామయ్యగారి మనవరాలు’ (1991). 2014లో తొంభై ఏళ్ళ వయసులో క్యాన్సరుతో పోయారుగాని అప్పటిదాకా నటిస్తూనే ఉన్నారు. అదే 1974లో ఎస్వీ రంగారావు గారిని 56 ఏళ్ళకే గుండెపోటు తీసుకుపోయింది. అప్పటికీ ఇప్పటికీ వైద్యం ఎంతో మారింది. ఆనాడు అమెరికా వెళితేగాని కాని పని, ఈనాడు మన ఊళ్ళోనే అవుతోంది.

దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ళలో ఉంటూ కోచింగులకు వెళ్ళే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఊర్నించి అమ్మ పచ్చడి సీసాలు మోసుకుని ఎల్.బి.నగర్ చౌరస్తాలో బస్సు దిగినప్పుడు, మెట్లెక్కుతూ మధ్యలో ఎన్నిసార్లు ఆగుతోందో గమనించండి. ఈసారి ఆమెను సినిమాకు తీసుకెళ్ళేముందు ఒక పొద్దుట పరగడుపున రక్తపరీక్షకు తీసుకెళ్ళండి. రిపోర్టు సాయంత్రానికి వచ్చేస్తుంది. ఈలోగా మ్యాట్నీ చూడొచ్చు!