దీపావళి ఫోటోలో మెరిసే గౌను: యుద్ధకాలపు కుటుంబ చిత్రాలపై అపోహలు – వాస్తవాలు

దక్షిణ తమిళనాడులో కోవిల్‌పట్టి, విరుదునగర్ వైపు నల్లరేగడి పల్లెల్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. కమ్మవారు, రెడ్లు, కంబళత్తు నాయకర్లు, కాస్త పడమరగా రాజపాళయం రాజులు. బడిలో తమిళం, ఇంట్లో తెలుగు. ఇలాంటి ఇళ్లలో రెండో ప్రపంచ యుద్ధకాలపు, 1940ల నాటి స్టూడియో ఫోటో ఒకటి దొరికితే చాలు, చూసినవాళ్లు ఒక తీర్పు చెప్పేస్తారు: “యుద్ధమంటారు గానీ, పిల్లలు ఎంత దర్జాగా ఉన్నారో చూడండి!” ఆ తీర్పు తొందరపాటు. పండుగ ఫోటోలో కనిపించేది ఏడాదిలో ఒక్క పూట.

అపోహ: పత్తి పండే సీమ కాబట్టి అక్కడ బట్టకు కొదవ ఉండేది కాదు.

పత్తి ఉన్న మాట నిజమే. ‘తిన్నెవెల్లి పత్తి’ సముద్రం దాటి అమ్ముడుపోయిన సరుకు. కరుంగణ్ణి రకం ఈ నేలదే. కోవిల్‌పట్టిలో 1891 నుంచే నూలు మిల్లుంది, 1901 నుంచి వ్యవసాయ పరిశోధనా కేంద్రం ఉంది. అయితే పత్తి చొక్కా కావాలంటే మధ్యలో మిల్లు, మగ్గం, వర్తకుడు, దర్జీ ఇంతమంది ఉండాలి. యుద్ధం ఈ గొలుసును మధ్యలోనే పట్టుకుంది. దేశంలోని మిల్లుల సరుకులో పెద్ద వాటా సైన్యానికి పోయింది. నూలు దొరక్క చేనేత మగ్గాలు ఆగాయి. ధరలు చేయి దాటిపోయాక 1943 జూన్‌లో బట్ట, నూలు మీద ప్రభుత్వం నియంత్రణ ఉత్తర్వు తెచ్చింది. మిల్లు బట్ట మీద ధర ముద్ర వేయడం తప్పనిసరైంది. పేదల కోసమని ‘స్టాండర్డ్ క్లాత్’ పేరిట ముతక గుడ్డ నేయించారు. పొలంలో పత్తి కాయ పగిలి తెల్లగా కనిపిస్తూనే ఉంది, పిల్లాడి చొక్కాకు మాత్రం అంగడి ముందు నిలబడాలి.

మెరిసే గౌన్ల సంగతి మరొకటి. యుద్ధానికి ముందు జపాను నుంచి చవక కృత్రిమ పట్టు విపరీతంగా వచ్చేది, పండుగకు ఆడపిల్లల గౌన్లు దానితో కుట్టించేవారు. 1941లో జపానుతో వ్యాపారం ఆగిపోయింది. కాబట్టి 1944 నాటి ఫోటోలో అలాంటి గౌను కనిపిస్తే అది అక్కదో, మేనత్త కూతురిదో అయివుండే అవకాశం ఎక్కువ. అంచును భూతద్దంతో చూడండి. విప్పిన టక్కుల గీతలు కనిపిస్తే ఆ బట్ట వయసు తెలిసిపోతుంది. “ఎదిగే పిల్ల, లోపల గుడ్డ వదిలిపెట్టు” అని దర్జీకి చెప్పి కుట్టించిన బట్ట అది.

పండుగ బట్ట అంటే ఈ సీమ పిల్లలకు ఏమిటో తెలియాలంటే ఫోటోల కంటే ఒక కథ ఎక్కువ సాయం చేస్తుంది. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్‌లో 1923లో పుట్టిన కు. అళగిరిసామి తమిళంలో రాసిన ‘రాజా వందిరుక్కిఱార్’. దీపావళికి ధనవంతుల పిల్లవాడు తన పట్టు చొక్కా గొప్ప చెప్పుకుంటాడు. పేద ఇంటి తల్లి మాత్రం దిక్కులేని ఒక పిల్లవాణ్ని చేరదీసి, తలంటి, ఇంట్లో ఉన్న తుండుగుడ్డ కడుతుంది. ఆ పిల్లవాడిలాంటివాళ్లు ఏ స్టూడియో గడపా తొక్కలేదు. ఆల్బములు చూసి ఒక కాలాన్ని అంచనా వేసేవాళ్లు మరిచేది వీళ్లనే.

అపోహ: ముతక బట్ట కట్టుకున్న కుటుంబం పేద కుటుంబం.

విరుదునగర్ విషయంలో ఈ లెక్క బొత్తిగా కుదరదు. అది పత్తి, మిరప, పప్పుల వ్యాపారంతో ఎదిగిన ఊరు, పైగా కామరాజ్ ఊరు. 1940లో తమిళనాడు కాంగ్రెస్ అధ్యక్షుడైన ఆయన 1942 ఆగస్టులో అరెస్టయి దాదాపు 3 ఏళ్లు జైల్లో ఉన్నారు. కాంగ్రెస్ అభిమానం ఉన్న ఇళ్లలో పిల్లలకు కూడా ఖద్దరే. కొనగలిగీ కొనకపోవడం, కొనలేకపోవడం ఫోటోలో ఒకేలా కనిపిస్తాయి. తేడా తెలియాలంటే బట్టను వదిలి చెవి పోగులు, గొలుసు, చెప్పులు చూడాలి.

అపోహ: అన్నదమ్ములంతా ఒకే రకం చొక్కాల్లో ఉంటే అది ఫ్యాషన్.

కాదు, పొదుపు. ఒకే తానులో గుడ్డ కోయిస్తే వృథా తక్కువ, ‘వాడిది బాగుంది’ అనే తగువూ ఉండదు. వెడల్పాటి కాలరున్న నావికుడి చొక్కాను చూసి తాతగారు నౌకాదళంలో ఉన్నారనుకోవడం కూడా ఇలాంటిదే. 1846లో ఇంగ్లండు యువరాజును ఆ దుస్తుల్లో చిత్రించాక అది ఐరోపా పిల్లల వేషమైంది, అక్కడి నుంచి మన దర్జీల దాకా వచ్చింది.

జర్మనీ పిల్లలూ క్రిస్మస్ ఫోటోల్లో అదే కాలరుతో కనిపిస్తారు. యుద్ధకాలపు జర్మన్ కుటుంబ చిత్రాలు చూసి ‘వాళ్లకేం, హాయిగా ఉన్నారు’ అనేవారున్నారు. అక్కడ 1939 నవంబరులోనే బట్టల రేషను కార్డు వచ్చింది. ఏడాదికి 100 పాయింట్లు, మగవాడి సూటు ఒక్కటే 60 మింగేసేది. పాతది విప్పి కొత్తది అల్లుకోమని పత్రికలు పాఠాలు చెప్పాయి. ఆక్రమించిన దేశాల నుంచి సైనికులు ఇంటికి పంపిన పార్సిళ్లలో బట్టలూ ఉండేవి. అంతకన్నా ఘోరం, చంపేసిన యూదుల బట్టలను నాజీ ప్రభుత్వమే పోగుచేసి జర్మన్లకు పంచింది. క్రిస్మస్ చెట్టు పక్కన నిలబడ్డ పాప కోటు ఎక్కడిదో ఫోటో చెప్పదు. మన కొరతనూ ఆ దోపిడినీ ఒకే గాటన కట్టలేం. ఫోటోను నమ్మే పద్ధతిలోని పొరపాటు మాత్రం రెండు చోట్లా ఒకటే.

అపోహ: కెమెరా నెమ్మది కాబట్టి ఎవరూ నవ్వలేదు.

1940ల ఫోటో ప్లేట్లకు మంచి వెలుతురులో ఒక సెకను, అంతకన్నా తక్కువే చాలు. నవ్వకపోవడం మర్యాద. పైగా ప్లేటు ఖరీదు. ఫిల్ము, ప్లేట్లు, కాగితం అన్నీ విదేశాల నుంచే రావాలి. యుద్ధంతో జర్మనీ ఆగ్ఫా కంపెనీ సరుకు ఆగింది, 1940లో బెల్జియం పడిపోయాక అక్కడి గేవర్ట్ కంపెనీది కూడా. సినిమాల నిడివినే 11,000 అడుగులకు కుదించిన రోజులవి. ఊరి స్టూడియోలో రెండో ప్లేటు అడిగేవారెవరు?

అపోహ: రంగులద్దిన పాత ఫోటోలో కనిపించేదే బట్ట అసలు రంగు.

ఇక్కడ కోవిల్‌పట్టికి ప్రత్యేకమైన కథ ఉంది. సి. కొండయ్యరాజు (1898–1976) మద్రాసు చిత్రకళా పాఠశాలలో చదివి, నాటక కంపెనీలకు తెరలు రాసి, 1940ల మొదట్లో కోవిల్‌పట్టిలో స్థిరపడ్డారు. శివకాశి క్యాలెండర్ల దేవుళ్లకు రూపమిచ్చింది ఆయనా, ఆయన శిష్యులూ. ఆయన్ని రవివర్మ శిష్యుడని కొందరు చెబుతారు. కానీ రవివర్మ 1906లో పోయారు, అప్పటికి కొండయ్యరాజుకు దాదాపు 8 ఏళ్లు. ఈ బృందం బతుకుతెరువులో ఫోటో స్టూడియో పని కూడా ఒకటి: మనుషుల వెనక తెర రాయడం, నలుపు-తెలుపు బొమ్మకు చేత్తో రంగు వేయడం. అలాంటి చోట గౌనుకు గులాబీ రంగు వేశారంటే ఆ గౌను గులాబీదేనని ఒట్టేసి చెప్పలేం. చిత్రకారుడికి ఏ రంగు బాగుంటుందనిపిస్తే అదే. నా దృష్టిలో ఆ బొమ్మలు సాక్ష్యంగా బలహీనం, కళగా గొప్పవి.

ఇప్పుడు ఫోనులో కృత్రిమ మేధ అద్దే రంగులకు ఆ మాత్రం విలువ కూడా లేదు. అది ఊహించి పూస్తుంది, ముతక నేతను నున్నగా చేసేస్తుంది, టక్కు గీతను మచ్చ అనుకుని తుడిచేస్తుంది. మీ ఇంట్లో అలాంటి ఫోటో ఉంటే బాగుచేయించే ముందు ఉన్నదున్నట్టు స్కాన్ చేయించండి, స్టూడియో ముద్ర ఉన్న వెనక వైపుతో సహా. ఆ బట్టలు ఎవరివి, ఎవరు కుట్టారు అని ఇంట్లో పెద్దవాళ్లను ఈ దీపావళికే అడిగి, తేదీ వేసి రాసిపెట్టండి.